సొంతిల్లుంటేనే వస్తా

జయపాల్ ఆ మాట అన్నప్పుడు బద్వేలు మైదుకూరు రోడ్డులో, తన మైకుసెట్ల అంగడి ముందర, ఒక స్పీకర్ పెట్టె మీద కూర్చుని చిక్కుపడిన వైరు విప్పుకుంటున్నాడు. ఫోను పక్కనే స్పీకర్లో పెట్టి ఉంది. అవతల జర్మనీలో, లైప్‌జిగ్ అనే ఊరిలో, ఆసుపత్రి డ్యూటీ దిగి ట్రాము కోసం నిలబడిన అతని భార్య మహిమ ఉంది.

"బాడిగ ఇంట్లో నేనుండలేను మహీ. ఈడ మా నాయన కట్టిన ఇల్లుండాది. దాన్ని ఇడిసిపెట్టి ఆడికొచ్చి, ఎవరో ఓనరు తలుపు తట్టి 'కొళాయి కట్టెయ్' అంటే పడేటోణ్ణి కాదు నేను. సొంతిల్లుంటే చెప్పు, రేపే వస్తా."

అవతల ట్రాము గంట మోగింది.

"నిజంగానే అంటాండావా బావా?"

"నేనెప్పుడన్నా అబద్ధం చెప్పినానా?"

అంగడి లోపల ఆంప్లిఫయర్ దుమ్ము తుడుస్తున్న సుంకప్పకు దగ్గు వచ్చింది. సుంకప్ప ఆ మైకుసెట్ల వ్యాపారంలో జయపాల్‌కు సగం భాగస్తుడు. అబద్ధాల సంగతి కూడా సగం అతనికే తెలుసు.

మహిమ జయపాల్‌కు సొంత మేనమామ కూతురు. నర్సింగు చదివి, జర్మన్ నేర్చుకుని, పెళ్లికి ముందే లైప్‌జిగ్ ఆసుపత్రిలో చేరింది. నాలుగేళ్ల కిందట సెలవు మీద వచ్చినప్పుడు బద్వేలు చర్చిలో పెళ్లయింది. ఆరు నెలల్లో జయపాల్ కూడా వెళ్లాలని అప్పుడు అనుకున్నారు. ఆ ఆరు నెలలు ఇంకా అవుతూనే ఉన్నాయి. మహిమ ఏటా ఒకసారి వచ్చి, నెల రోజులుండి, ఒక్కతే తిరిగి విమానం ఎక్కుతోంది.

మొదట భాష రాదన్నాడు జయపాల్. మహిమ కడపలో జర్మన్ క్లాసు వెతికి చేర్పించింది. శని ఆదివారాలు బస్సెక్కి పోయి, చివరికి చెన్నైలో పరీక్ష రాసి, తనకే ఆశ్చర్యం కలిగేట్టు పాసయ్యాడు. ఆ చదువు వల్ల బద్వేలుకు జరిగిన మేలు ఒకటే. పెండ్లి పందిట్లో మైకు పరీక్షించేటప్పుడు వన్, టూ, త్రీ అనడం మానేసి "ఐన్స్, త్స్వై, ద్రై" అనడం మొదలుపెట్టాడు. వంటవాళ్లు మొదట్లో ఉలిక్కిపడేవాళ్లు, తర్వాత అలవాటు పడ్డారు.

భాష అయిపోయాక సీజను అన్నాడు. ఒంటిమిట్ట ఉత్సవాలు, తర్వాత ఎన్నికలు, తర్వాత క్రిస్మస్ కూటాలు, తర్వాత మళ్లీ పెళ్లిళ్లు. ఈ ప్రాంతంలో మనుషులు నిశ్శబ్దంగా చేసే పనంటూ ఏదీ లేదు కాబట్టి మైకుసెట్టు వాడికి తీరిక ఎప్పటికీ ఉండదు. ఆ సాకు కూడా పాతబడిపోతున్నప్పుడు ఈ బాడిగ ఇంటి సంగతి తట్టింది అతనికి. పరాయి దేశంలో ఇల్లు కొనడం జరిగే పని కాదని, అక్కడి సర్కారే ఒప్పుకోదని అతని ధీమా.

ఆ రాత్రి అన్నం పెడుతూ అతని తల్లి ఓబులమ్మ అసలు సంగతి చెప్పింది. ఆమె అంగన్‌వాడీ టీచరు. పాతిక మంది చిన్నపిల్లలను కూర్చోబెట్టి ఉప్మా తినిపించడం అలవాటైన మనిషి కాబట్టి కొడుకు ఎత్తులేవీ ఆమె దగ్గర సాగవు.

"నోరు జారినావు కొడకా."

"ఏం జారినా? ఉన్నమాటే అన్నా."

"దానికి పంతమొస్తే ఏమయితాదో నాకు తెలుసు. అది మా అన్న కూతురు. చిన్నప్పుడు రేగ్గాయలు కోసకరమ్మంటే కొమ్మే ఇరుసుకోని వచ్చింది. నువ్వు సొంతిల్లన్నావు. అది కొంటాది. నువ్వు స్వెట్టరు కొనుక్కో."

జయపాల్ నవ్వాడు. పదిహేను రోజులు తిరక్కముందే ఆ నవ్వు ఆగిపోయింది.

"కనుక్కున్నా బావా," అంది మహిమ ఫోనులో. గొంతులో ఉత్సాహం పొంగుతోంది. "ఈడ ఇల్లు కొనేదానికి నీది యా దేశం పాస్‌పోర్టని అడగరంట. ఎవరైనా కొనొచ్చు. లోనుకు మాత్రం బ్యాంకోళ్లు రెండే చూస్తారు. ఉద్యోగం గట్టిదా, ఎప్పటికీ ఉండేదానికి పర్మిట్టు ఉండాదా అని. ఉద్యోగం ఉండాది. పర్మిట్టు పోయిన యాడాదే వచ్చింది. నీకు చెప్పినా గదా, అప్పుడు నువ్వు ఎలక్షన్ మీటింగులో ఉండావు."

జయపాల్ ఫోను పెట్టేసి నేరుగా అంగడి పక్క గదిలో ఉండే వీరభద్ర దగ్గరికి పోయాడు. వీరభద్ర ప్లాట్ల వ్యాపారి. బద్వేలు చుట్టుపక్కల కంకర నేల ఎక్కడున్నా అక్కడ నాలుగు రాళ్లు పాతి దానికి ఏదో ఒక నగర్ అని పేరు పెట్టేవాడు. అతనికి కూడా ఈ సంగతి మింగుడు పడలేదు.

"బయట దేశమోళ్లకు అంత సులువుగా అమ్మతాండారంటే అందులో ఏదో లిటిగేషన్ ఉండాదప్పా," అన్నాడు గడ్డం గోక్కుంటూ. "ఆధార్ లేకుండా రిజిస్ట్రేషన్ ఎట్ల చేస్తారు?"

ఈ మాట జయపాల్ ప్రాణానికి కొంచెం హాయిగా అనిపించింది. ఇల్లు కొనకుండా ఆపలేకపోయినా, వంకలు పెట్టే దారి ఒకటి కనపడింది.

మొదటి ఇల్లు మహిమ వీడియో కాల్‌లో చూపించింది. అంగడి ముందర జయపాల్, సుంకప్ప, వీరభద్ర తలకాయలు దగ్గర పెట్టుకుని చూశారు. ఓబులమ్మ కుర్చీ వేసుకుని వెనక కూర్చుంది. ఇల్లు బాగుంది. నున్నటి చెక్క నేల, ఎత్తైన కిటికీలు. కిటికీ బయట పెద్ద పెద్ద చెట్లు, పచ్చగడ్డి.

"ఆ తోటలో రాళ్లేంది?" అన్నాడు జయపాల్.

"సమాధులు బావా. ఈడ శ్మశానమంటే పార్కు మాదిరి ఉంటాది. ముసలోళ్లు పొద్దన్నే నడవను వస్తారు."

"నడవను వస్తారా, ఉండను వస్తారా?"

"శ్మశానం పక్కన ప్లాటు బద్వేల్లో నేనే అమ్మలేకపోయినా," అని వీరభద్ర వంత పాడాడు.

"దాంట్లో తప్పేముండాది?" అంది ఓబులమ్మ వెనకనుంచి. "పునరుత్థాన దినాన బూర ఊదినప్పుడు మనకే ముందు తెలుస్తాది."

మహిమ నవ్వి, సరే ఇంకోటి చూస్తానంది.

రెండో ఇంట్లో వంటిల్లు లేదు. గది ఉంది కానీ అందులో గోడలోంచి పొడుచుకొచ్చిన రెండు గొట్టాలు, అలమార్లు ఉన్నచోట పడిన మచ్చలు తప్ప ఏమీ లేవు.

"ఈడ కొంతమంది ఇల్లు అమ్మేటప్పుడు వంటిల్లు పీక్కోని పోతారు," అని మహిమ వివరించింది. "సింకు, స్టవ్వు, అలమార్లు అన్నీ. కొత్తగా వచ్చినోళ్లు వాళ్లది వాళ్లు పెట్టుకోవాల."

వీరభద్ర చాలాసేపు నోరు తెరిచి చూశాడు. ఇన్నేళ్లు ఇండ్లు అమ్మి కూడా ఇలాంటి ఉపాయం తనకు తట్టలేదని అతని బాధ. జయపాల్ బాధ వేరు. పుట్టిన్నుంచీ అతను వంటింట్లోకి పోయింది మంచినీళ్లు తాగడానికే. ఆ రోజు మాత్రం వంటిల్లు లేని ఇంట్లో సంసారం ఎట్లా చేస్తారని, ఇంటికి గుండెకాయే వంటిల్లని, ఎంత చెప్పాడో చెప్పాడు. ఓబులమ్మ అన్నీ విని, "రేపటి నుంచి రొట్టెలు నువ్వే కాల్చు. గుండెకాయ కాడ నిలబడు," అంది.

మూడో ఇల్లు వంక పెట్టడానికి వీల్లేనిది. రెండో అంతస్తు, వెలుతురు, ట్రాము దగ్గర, వంటిల్లు కూడా ఉంది. కిటికీలోంచి చూస్తే బడిపిల్లలు ఆడుకునే మైదానం కనపడుతోంది. మహిమ ముఖం చూస్తేనే తెలుస్తోంది, ఆ ఇంట్లో ఆమె అప్పటికే మనసులో మంచం వేసేసుకుందని. జయపాల్‌కు ఏమీ తోచక, "వాకిలి యా దిక్కుకుండాది?" అని అడిగాడు.

ఆమె చుట్టూ చూసి, "దక్షిణం అనుకుంటా," అంది.

"అద్దీ. వాస్తు లేదు."

మహిమ ఫోను తన ముఖం వైపు తిప్పుకుంది.

"బావా, మీ తాత ఊరూరు తిరిగి సువార్త చెప్పినోడు. మీ నాయన ఉన్నన్నాళ్లూ చర్చిలో పెద్ద. మనింట్లో వాస్తు యాడిది?"

"నాకు కాదు మహీ, వీరభద్ర చెప్తాండాడు."

పక్కనే టీ తాగుతున్న వీరభద్ర అప్పటిదాకా నోరు విప్పలేదు. టీ గ్లాసు కింద పెట్టి లేచి తన గదిలోకి వెళ్లిపోయాడు.

"రెండు మూడు రోజులు ఆలోచించనీ," అన్నాడు జయపాల్.

ఓబులమ్మ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, పాస్టరు దావీదురాజుకు తప్ప. ఆదివారం ఆరాధనలో, ప్రార్థన మనవుల దగ్గరికి వచ్చేసరికి, పాస్టరు కళ్లు మూసుకుని గొంతు పెంచాడు. "ప్రభువా, మా మధ్యలో ఒక సహోదరుడుండాడు. పేరు చెప్పను. ఆయన శబ్ద పరిచర్య చేస్తాడు. ఆయనను తూర్పు భయం నుంచి, దక్షిణ భయం నుంచి విడిపించు తండ్రీ. భూమి నలుదిక్కులూ నీవే చేసినావు గదా."

ఆ మాటలు జయపాల్ స్వయంగా బిగించిన నాలుగు స్పీకర్లలోంచి, చర్చి బయట చింతచెట్టు కింద చెప్పులు కాసే ముసలాయన దాకా స్పష్టంగా వినపడ్డాయి. కళ్లు మూసుకుని ఉండాల్సిన జనమంతా కళ్లు తెరిచి ఆంప్లిఫయర్ వైపు చూశారు. జయపాల్ చేయి వాల్యూము మీదికి పోయింది. ఆడవాళ్ల వరసలోంచి ఓబులమ్మ ఒక్క చూపు చూసింది. చేయి వెనక్కి వచ్చింది. "ఆమేన్" మాత్రం అందరికంటే గట్టిగా సుంకప్ప అన్నాడు. అతను క్రైస్తవుడు కూడా కాదు, వైరు సర్దడానికి వచ్చాడు.

ఆ తర్వాత రెండు రోజులకు మహిమ దగ్గరనుంచి ఒక మెసేజి వచ్చింది. "ఆ ఇల్లు వేరేవాళ్లు తీసుకున్నారు బావా." అంతే. తిట్టలేదు. ఏడుపు బొమ్మ కూడా పెట్టలేదు.

జయపాల్‌కు ఆ రోజు గుండె తేలికైంది. మర్నాడు ఆమె ఫోను చేయలేదు. డ్యూటీ అనుకున్నాడు. ఆ మర్నాడూ లేదు. తర్వాత కూడా లేదు. తను చేస్తే ఎత్తి, తిన్నావా, అత్త బాగుండాదా అని అడిగి పెట్టేసేది. పెళ్లయిన నాలుగేళ్లలో ఆమె పోట్లాడకుండా మాట్లాడటం అదే మొదటిసారి. అది అతనికి అస్సలు నచ్చలేదు.

శ్రీరామనవమి ఉత్సవాలకు ఒంటిమిట్టలో పని తగిలింది. కోదండరాముడి కల్యాణానికి వచ్చే జనం కోసం దారి పొడుగునా వేసిన పందిళ్లలో ఒక పక్క స్పీకర్లు కట్టే బాధ్యత వాళ్లది. జయపాల్ వెదురు నిచ్చెన మీద నిలబడి చివరి హారన్ స్పీకరు బిగిస్తుండగా జేబులో ఫోను మోగింది. మహిమ.

"యాడుండావు?"

"ఒంటిమిట్టలో. నిచ్చెన మీద."

"దిగు. దిగినాక చెప్పు."

దిగి, గోపురం వైపు పోయే జనానికి ఎడంగా, ఒక బండరాయి మీద కూర్చున్నాడు. ఎండకు కాలిన రాయి ఇంకా చల్లారలేదు.

"ఒక్కటే అడుగుతా బావా. ఇల్లు నచ్చలేదా, రావడమే నచ్చలేదా?"

జయపాల్ అటూ ఇటూ చూశాడు. కొబ్బరికాయలు, చెరుకుముక్కలు పట్టుకుని పోయేవాళ్లలో ఇద్దరు ముగ్గురు అతన్ని చూసి "ఏమప్పా జయపాలూ, మైకులు నీవేనా?" అని పలకరించి పోయారు. అతను చేయి ఊపాడు. అప్పుడు అన్నాడు.

"ఇన్నావు గదా? యాడికి పోయినా ఇట్ల పిలుస్తారు నన్ను. బద్వేల్లో అంగడికాడి నుంచి బస్టాండు దాకా పోయేదానికి పలకరింపులకే పొద్దుపోతాది. ఆడ నన్నెవరు పిలుస్తారు మహీ? మహిమ మొగుడంటారు. అది గూడా అనరేమో. ఊరికే చూసి పోతారు."

ఆమె గొంతు మెత్తబడింది.

"నేనొచ్చిన కొత్తల్లో ఈడ నన్ను ఎవరూ పేరు పెట్టి పిలవలే. సిస్టర్ అనేటోళ్లు. వార్డులో ఒక ముసలాయన మాత్రం పేరడిగినాడు. చెప్పినా. ఆయనకు నోరు తిరగలేదు. మలీనా అన్నాడు. ఆయన డిశ్చార్జి అయ్యేదాకా నేను మలీనానే. నేను దిద్దలేదు బావా. ఎవురో ఒకరు పిలుస్తాండారు గదా, చాల్లే అనుకున్నా."

జయపాల్ రాయి మీద వేలితో ఏదో రాస్తూ ఉండిపోయాడు. నాలుగేళ్లలో ఈ మాట ఆమె ఎప్పుడూ చెప్పలేదు. అతను అడగనూ లేదు.

"భయమైతే భయమని చెప్పు," అంది మహిమ. "శ్మశానం మీదా, వాస్తు మీదా పెట్టొద్దు. పాపం, ఆ వీరభద్రన్న మీద అసలే పెట్టొద్దు."

"భయమే," అన్నాడు జయపాల్.

"సరే. భయంతోనే రా. నేను గూడా అట్లనే వచ్చినా."

జయపాల్ రాయి మీదనుంచి లేచాడు. "ఇంకో ఇల్లు చూడు. ఈసారి నిజంగా చూస్తా," అన్నాడు.

నాలుగో ఇల్లు పాతకాలపు భవనంలో మూడో అంతస్తు. లిఫ్టు లేదు. చెక్క మెట్లు కిర్రుమంటాయి. వంటిల్లు పాతదే అయినా ఉంది. ఇల్లు అమ్మించే ఏజెంటు కింద ఫోనులో మాట్లాడుకుంటుంటే మహిమ ఒక్కతే గదులన్నీ తిప్పి చూపించింది. ఈసారి జయపాల్ శ్మశానం అడగలేదు, దిక్కు అడగలేదు. తనకు తెలిసిన సంగతి ఒకటి అడిగాడు.

"నడిమింట్లో నిలబడి చప్పట్లు కొట్టు మహీ. గట్టిగా. గది ఎట్ల పలుకుతాదో ఇందాం."

ఆమె ఫోను కిటికీలో నిలబెట్టి చప్పట్లు కొట్టింది. "ఇంకా గట్టిగా," అన్నాడు. ఇంకా గట్టిగా కొట్టింది. బద్వేలులో ఓబులమ్మ, సుంకప్ప, వీరభద్ర చెవులు రిక్కించారు. మూడోసారి కొట్టేసరికి తెరిచి ఉన్న తలుపులో ఒక పెద్దావిడ కనపడింది. తెల్లటి జుట్టు, ముదురు నీలం స్వెట్టరు, ముక్కు మీదికి జారిన కళ్లజోడు.

ఆవిడ ఎదురింటి క్రౌజె గారు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా ఈ భవనంలో విశ్రాంతి వేళ అని, చప్పుడు చేయకూడదని, కాగితం కింద గోడకు అంటించి ఉందని జర్మన్‌లో చెప్పింది. మహిమ గబగబా క్షమాపణ అడిగి, ఆ మాటలు ఇటు తెలుగులో చెప్పింది.

"మంచి ఊరు," అంది ఓబులమ్మ తృప్తిగా. "మన ఎండాకాలం మాదిరే. మధ్యాహ్నం పండుకుంటారు."

పెద్దావిడ ఫోను వైపు వేలు చూపించి, వాళ్లెవరని అడిగింది. జయపాల్ ఆ ప్రశ్న అర్థం చేసుకున్నాడు. కడప క్లాసులో నేర్చుకున్నదంతా ఒక్కసారిగా గొంతులోకి వచ్చింది. వెన్ను నిటారు చేసి, పందిట్లో ప్రకటన చేసే గొంతుతో, "గూటెన్ టాగ్!" అని నమస్కారం చెప్పాడు. తర్వాత బట్టీపట్టిన వాక్యాలు వరసగా దొర్లించాడు. నా పేరు జయపాల్. నేను భారతదేశం నుంచి. నాకు సంగీతమంటే ఇష్టం.

ఆఖరి వాక్యం అక్కడ అనకుండా ఉండాల్సింది. ఆ ఇంట్లో అంతకుముందు ఉన్న కుర్రవాడు ట్రంపెట్ వాయించేవాడని, పెద్దావిడ ఏళ్ల తరబడి చెవుల్లో దూది పెట్టుకుని బతికిందని మహిమకు ఏజెంటు వచ్చేటప్పుడే చెప్పాడు. క్రౌజె గారు అనుమానంగా ఒక అడుగు ముందుకు వేసి, ఏ వాయిద్యమని అడిగింది.

జయపాల్‌కు వాయిద్యాల పేర్లు ఒక్కటీ రావు. తన వ్యాపారానికి సంబంధించిన మాట మాత్రం ఒకటి నిఘంటువు చూసి మరీ నేర్చుకున్నాడు. గర్వంగా దాన్నే చెప్పాడు.

"లౌట్‌ష్ప్రెహర్!"

అంటే లౌడ్‌స్పీకర్.

పెద్దావిడ తలుపు పట్టుకుంది. మహిమ నవ్వు ఆపుకోలేక కిటికీ దగ్గర వంగిపోయింది. కళ్లు తుడుచుకుని, ఆయన వాయించడు, వైర్లు బిగిస్తాడు, వాటిని అక్కడే వదిలేసి వస్తాడు అని రెండు మూడుసార్లు చెప్పాక గానీ క్రౌజె గారి ముఖంలోకి రంగు రాలేదు. రంగు వచ్చాక ఆవిడ కూడా నవ్వింది. ఫోనుకు దగ్గరగా వచ్చి, కళ్లజోడు పైకి నెట్టి, ఒక చిన్న ప్రశ్న అడిగింది. ఎప్పుడొస్తున్నారు?

జయపాల్‌కు అది ఎవరూ తెలుగు చేసి చెప్పనక్కర్లేకపోయింది. అతను వెనక్కి తిరిగి చూశాడు. తల్లి చూస్తోంది. సుంకప్ప చూస్తున్నాడు. వీరభద్ర, తన పేరు మళ్లీ ఎక్కడ వస్తుందోనని, అప్పటికే రెండడుగులు దూరం జరిగాడు.

"బాల్ట్," అన్నాడు జయపాల్.

"ఏమన్నాడబ్బా?" అని సుంకప్ప ఓబులమ్మను అడిగాడు.

"తొందర్లోనే అన్నాడప్పా!" ఫోనులోంచి మహిమ అరిచింది. విశ్రాంతి వేళ అన్న సంగతి ఆమె కూడా మర్చిపోయింది.

లోను కుదిరాక, ఆ ఇంటి కొనుగోలు పత్రం రాయించుకున్న రోజు ఎలా గడిచిందో ఆమె ఆ సాయంత్రమే చెప్పింది. అక్కడ నోటరీ అంటే మన దగ్గర స్టాంపు కొట్టేవాడు కాదు. కొనేవాళ్లనూ అమ్మేవాళ్లనూ ఎదురుగా కూర్చోబెట్టి పత్రమంతా మొదటి అక్షరం నుంచి చివరి దాకా గట్టిగా చదివి వినిపించాలట, అది చట్టం. ఈ పెద్దమనిషి చదువుతూ చదువుతూ గొంతు తడారి రెండుసార్లు నీళ్లు తాగాడు.

"మన దావీదురాజు అయ్యగారి ప్రసంగం కంటే పొడుగు బావా. పైగా పాటలు గూడా లేవు."

"నువ్వు నిద్రపోలే గదా?"

"యాడ పోనిస్తాడు? మధ్యలో ఆపి, 'మీ భర్త ఎక్కడున్నారు' అని అడిగినాడు."

"ఏం చెప్పినావు?"

"వస్తాండాడని చెప్పినా. పత్రంలో రాయలేదులే. ఎదురింటామె మాత్రం మెట్ల మీద కనపడినప్పుడంతా అడుగుతాండాది, 'యయపాల్ గారు ఎప్పుడొస్తారు' అని. ఈడోళ్లు J రాస్తే య అని చదువుతారు. సరిగా చెప్పమంటావా ఆమెకు?"

జయపాల్ కాసేపు ఆలోచించాడు. "వద్దులే," అన్నాడు. "యయపాలూ బాగానే ఉండాది."

తర్వాత బద్వేలులో అతనికి తీరికగా బజారులో నడిచే భాగ్యం పోయింది. ఎవరు కనపడినా "ఏమప్పా, ఇల్లరికం పోతాండావంట?" అనేవాళ్లే. సొంతిల్లయితే వస్తానన్నవాడికి భార్య కొన్న ఇంట్లోకి పోవడం ఏ లెక్కలోకి వస్తుందని వీరభద్ర అంగడి ముందర ఒక చర్చే పెట్టాడు. వాస్తు బాకీ అతను ఆ విధంగా తీర్చుకున్నాడు. మొదట్లో జయపాల్ ఉడుక్కున్నాడు. తర్వాత తనే ముందుగా, "అవునప్పా, ఇల్లరికమే. మా మామ కూతురిల్లు, నాకేం సిగ్గు?" అనడం నేర్చుకున్నాడు. అలా అన్నాక అడిగేవాళ్లు తగ్గారు.

వీసా వచ్చింది. మైకుసెట్లు సుంకప్పకు అప్పగించాడు. ఏ ఆంప్లిఫయర్ వేడెక్కుతుందో, ఏ స్పీకర్ను ఎక్కడ తట్టాలో చూపిస్తూ ఒక పూటంతా గడిపాడు. సుంకప్ప అన్నీ విని, "పదేండ్లుగా వాటిని తట్టింది నేనే గదా జయపాలూ," అన్నాడు.

ఓబులమ్మను కూడా రమ్మని మహిమ ఎంతో అడిగింది. "నాకు అంగన్‌వాడీ ఉండాది. ఎండాకాలం సెలవులకొస్తా," అంది ఆమె. బస్సు దగ్గర ఏడవలేదు. కొడుకు ఏడుస్తాడేమోనని కాస్త భయపడింది. అతను ఏడ్చాడు కూడా. "పోరా, పో. నీ మైకు గోల లేకుండా ఇప్పుడన్నా నా కుక్కర్ విజిల్ నాకు ఇనపడతాది," అని వీపు మీద ఒకటి చరిచి ఎక్కించింది. బస్సు కదిలాక మాత్రం అది మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడింది.

కొత్త ఊళ్లో మొదటి నెలలు ఎలా ఉన్నాయని అడిగితే జయపాల్ నిజమే చెప్పేవాడు. చలి. పొద్దు తొందరగా గూకుతుంది. మహిమ డ్యూటీకి పోయాక గదిలో గడియారం చప్పుడు మనిషి నడిచినట్టు వినపడుతుంది. భాష క్లాసుకు పోయి వస్తున్నాడు. రొట్టెలు కాల్చడం నేర్చుకున్నాడు. క్రౌజె గారు రోజూ మెట్ల మీద ఆపి వాతావరణం గురించి మాట్లాడుతుంది. ఆవిడకు ఆ విషయం ఎప్పటికీ తరగదు.

జనవరిలో ఒకరోజు అంగడి ముందర సుంకప్ప ఫోనుకు వీడియో కాల్ వచ్చింది. ఓబులమ్మ కూడా అప్పుడే అంగన్‌వాడీ నుంచి వచ్చి కూర్చుంది. తెర మీద జయపాల్, తల నుంచి మోకాళ్ల దాకా లావుపాటి కోటు, చేతిలో పెద్ద పార. చుట్టూ తెల్లగా మంచు.

"ఏందిరా ఆ అవతారం?" అంది ఓబులమ్మ.

జరిగింది ఇది. ఆ భవనంలో ఇండ్లున్నవాళ్లంతా ఏడాదికొకసారి మీటింగు పెట్టుకుంటారు. మహిమకు డ్యూటీ ఉంటే, తన బదులు భర్త వస్తాడని కాగితం రాసిచ్చి అతన్ని పంపింది. అధ్యక్షుడు ఏదో అడిగాడు. ఎవరూ పలకలేదు. మళ్లీ అడిగాడు. అందరూ నేల చూపులు చూశారు. ఆ మాటకు అర్థమేమిటో అడుగుదామని జయపాల్ చేయెత్తాడు. వెంటనే అందరూ పిడికిళ్లతో బల్లలు తట్టడం మొదలుపెట్టారు. తన్నడానికి వస్తున్నారనుకుని అతను లేచి నిలబడ్డాడు. వాళ్ల దేశంలో చప్పట్ల బదులు అలా చేస్తారని, ఈ చలికాలం వాకిట్లో మంచు ఎత్తే పని తను ఒప్పుకున్నందుకు అందరూ మెచ్చుకుంటున్నారని పక్కనున్న క్రౌజె గారు వివరంగా చెప్పేసరికి అతని పేరు రాసేసుకున్నారు కూడా.

"బద్వేల్లో చీపురుపుల్ల ముట్టనోడు!" అన్నాడు వీరభద్ర, తెర మీదికి వంగి.

"ముట్టకపోతే ఏం, ఇప్పుడు ముడతాండా," అన్నాడు జయపాల్. మాట్లాడుతుంటే నోట్లోంచి పొగ వస్తోంది. అటుగా పోతున్న ఇద్దరు మనుషులు అతన్ని చూసి తలాడించి ఏదో అని పలకరించారు. అతను కూడా పార ఎత్తి ఏదో అన్నాడు.

ఓబులమ్మ ఆ తెల్లటి కుప్పలను కళ్లు చిట్లించి చూసింది.

"దాన్ని తట్టకెత్తి యాడన్నా పోస్తావా, ఆడే కరిగిపోతాదా?"

"కరగదుమా. పక్కకు తోసేది, అంతే. రేపు మళ్లీ పడతాది."

"అయితే రోజూ పని ఉండాదన్నమాట," అంది ఓబులమ్మ. "మంచిదే. చెవులకు గుడ్డ కట్టుకో."